బుష్తా భుజాన జీను

మా ఆయన బుష్తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆయన గుర్రం మీమూన్‌కు మాత్రం నాలుగూ ఉక్కు కాళ్ళే. కాదని ఎవరైనా అంటే టీ గ్లాసు సగంలో పెట్టేసి లేచిపోయేవాడు. ఆ మొండితనంతోనే నేను ఇంతకాలం కాపురం చేశాను. నాకూ కోపం తక్కువేం కాదు కాబట్టి ఇల్లు నిలబడింది. ఇద్దరిలో ఒకరు మెత్తనివాళ్ళైతే రెండోవాళ్ళు మింగేసేవాళ్ళు.

ఆయన గొప్పవాడేం కాదు. సముద్రపు గాలి కొట్టే మా మైదానంలో బార్లీ, మొక్కజొన్న పండించుకునే రైతు. దుక్కి అంతా కంచరగాడిద చేతే చేయించేవాడు. మీమూన్ మెడ మీద ఏనాడూ కాడి పెట్టలేదు. మా పెద్దమ్మాయి పుట్టిన రోజు నాకు నొప్పులొచ్చాయి, అదే పూట గుర్రానికి కడుపునొప్పి వచ్చింది. ఆయన గుర్రం దగ్గరికి వెళ్ళాడు. “నీ దగ్గర మంత్రసాని ఉంది, దాని దగ్గర ఎవరున్నారే?” అని తర్వాత నన్నే ఎదురడిగాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

వాళ్ళ నాన్న పోయాక మా ఊరి గుర్రాల జట్టుకు ఆయనే మొఖద్దమ్ అయ్యాడు. మొఖద్దమ్ వరస మధ్యలో ఉండి జట్టును నడుపుతాడు. ఉత్సవాల్లో గుర్రాలన్నీ పక్కపక్కనే దౌడు తీస్తాయి. ఆయన కేక వేయగానే సవార్లందరూ రికాబుల మీద లేచి తుపాకులు పేలుస్తారు. అన్నిటిదీ ఒకటే మోత కావాలి. ఏ గుర్రం మూతి కూడా మొఖద్దమ్ గుర్రాన్ని దాటి ముందుకు రాకూడదు. మొఖద్దమ్ పక్కకు చూడడు. చూస్తే తన మనుషుల మీద తనకే నమ్మకం లేనట్టు. బుష్తా ఎన్నడూ చూడలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మీమూన్ ముసలిదైపోయింది. కళ్ళ మీద గుంటలు పడ్డాయి. పొద్దున లేచేటప్పుడు ముందుకాళ్ళు వణికేవి. గుర్రపుసాల ఊడ్చేది నేను కాబట్టి ఆయనకు కనపడనివి నాకు కనపడేవి.

“ఏమయ్యా, దాని పేడలో బార్లీ గింజలు గింజల్లాగే పడుతున్నాయి. కోళ్ళు ఏరుకు తింటున్నాయి. పళ్ళరిగిపోయాయి దానికి. ఇక పరుగు మాన్పించు.”

“వరస వంకరపోయిందా?”

“వరస సంగతి కాదు నే చెప్పేది...”

“పోయిందా, లేదా? పోయిన రోజు నేనే దించుతా. నా గుర్రం సంగతి నాకు తెలీదా? నువ్వు పోయి కోళ్ళను చూసుకో.”

కోళ్ళనే చూసుకున్నాను. అవి బలిశాయి, గుర్రం పక్కటెముకలు తేలాయి. దౌడులో దాని కాలు మడత పడిందంటే అదీ బతకదు, దాని మీదున్న ఈయనా బతకడు. ఆ మాటా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

కోతలయ్యాక సముద్రపు ఒడ్డున దర్గా ఉత్సవం మొదలైంది. మొదటి రోజు నేను జనం మైదానంలోకి రాకుండా కట్టిన తాడు దగ్గర ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. మా జట్టు వచ్చింది. వరస గీత గీసినట్టుంది. మోత కూడా ఒకటే. నా పక్కనున్న ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“ఏమే ఫత్తూమా, మీవాళ్ళు పరిగెత్తుతున్నారా, పెళ్ళికూతుర్ని ఎక్కించుకొస్తున్నారా? ఇంత నిదానమేంటే?”

ఒళ్ళు మండింది గానీ ముసల్ది అన్నది అబద్ధం కాదు. మీమూన్ ప్రాణం పెట్టి పరిగెత్తుతోంది. దానికి అటూ ఇటూ ఉన్న గుర్రాలే తలలు పైకెత్తి, నోళ్ళు తెరుచుకుని వచ్చాయి.

గుడారాల దగ్గర మా మరిది హమ్మాది ఆడగుర్రానికి బక్కెట్‌తో నీళ్ళు పెట్టాను. మూతి తగిలించి చటుక్కున వెనక్కి లాక్కుంది. నీళ్ళు ఎర్రబడ్డాయి. పెదవి మూల చీరుకుపోయి ఉంది. కింద పాత మచ్చ, దాని మీద కొత్త గాయం. పక్క గుర్రం నోరు తెరిచి చూశాను. అదీ అంతే.

నాకు అర్థమైపోయింది. హమ్మాది గుర్రాన్ని పట్టుకుని మగవాళ్ళు టీ తాగుతున్న గుడారంలోకే తీసుకెళ్ళాను. దాని కాలు తగిలి టీ ట్రే బోర్లా పడింది.

“నీకు పిచ్చి పట్టిందా ఏమే?” అని మా ఆయన లేచాడు.

“నా మాట నమ్మవుగా, దీని నోరు చూడు! కళ్ళెం బిగబట్టి బిగబట్టి ఎట్లా కోశారో చూడు. నీ ముసలి గుర్రాన్ని ఎవరూ దాటకూడదు కదా, అందుకని!”

బుష్తా వేలు పెట్టి ఆ గాయం తడిమి చూశాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

“ఎప్పట్నించిరా?”

హమ్మాది తల దించుకున్నాడు. “పోయిన ఏడాది నుంచి అన్నా. మీమూన్ వెనకబడుతోంది. నువ్వేమో వరస బాగుందని మురిసిపోతున్నావు. అందరం అనుకుని... నీ పరువు కోసమే అన్నా.”

“నా పరువు కోసం నోరు లేని జీవాల నోళ్ళు చీలుస్తార్రా? ‘అన్నా, ఇది ముసలిదైంది’ అని ఒక్కడికి నోరు పెగల్లేదా?”

“మొఖద్దమ్‌తో ఎవడంటాడన్నా ఆ మాట?”

అందరూ గౌరవం గలవాళ్ళే! ఆ గౌరవాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాలి.

మర్నాడు మా జట్టు వంతు వచ్చినప్పుడు బుష్తా తెల్లటి బట్టలు కట్టుకుని, జరీ జీను వేసిన మీమూన్‌ను నడిపించుకుంటూ మైదానంలోకి వెళ్ళాడు. జనమంతా చూస్తుండగా పొట్ట కింది పట్టీ విప్పి జీను దించాడు. అవతలి జట్టువాళ్ళు ఈలలు వేశారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు.

“నేను దిగిపోయాను. మధ్యలో హమ్మాది ఉంటాడు. పగ్గాలు వదిలి పరిగెత్తండి. ఈసారి ఎవడైనా బిగబట్టాడంటే ఆ కళ్ళెం వాడి నోట్లోనే పెడతా!”

గుర్రాన్ని తాడు దగ్గరికి తెచ్చి నా చేతికిచ్చాడు. వరస కదిలింది. గుర్రాలు రెక్కలొచ్చినట్టు ఉరికాయి. హమ్మాది కేక వినగానే మీమూన్ నన్ను ఈడ్చుకుంటూ ముందుకు దూకింది. మైదానంలో తుపాకులు పెనం మీద పేలాల్లా ఒకటి ముందూ ఒకటి వెనకా పేలాయి. జనం ఎగతాళిగా గోల చేశారు. మా మీమూన్ మాత్రం మొదటి మోతకే, నేర్పినట్టే, ఠక్కున ఆగింది. మోకాళ్ళు గడగడా వణుకుతున్నాయి. ఇన్నేళ్ళూ దాని వీపు మీదే కూర్చున్న మనిషి ఆ పరుగు మొదటిసారి పక్కనుంచి చూశాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంటికి నడిచి వచ్చాం. ఆ జీను ఆయన మీమూన్ మీద వేయలేదు, భుజానికెత్తుకున్నాడు. దారిలో గాడిద బండి మీద పోతున్న ఒకడు ఊరుకోలేదు.

“ఏంటి మొఖద్దమ్, జీను నువ్వేసుకున్నావేం?”

“ఇన్నాళ్ళూ అది మోసింది, ఇప్పుడు నేను మోస్తున్నా. నీకేమైనా బరువైందా?”

వాడు గాడిదను అదిలించుకుని పోయాడు. కాస్త దూరం నడిచాక బుష్తా నా వైపు తిరిగాడు.

“ఇంత జరుగుతుంటే నువ్వైనా నాకు చెప్పొద్దటే?”

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను.

“చెప్పలేదా? నేను చెప్పలేదా? పేడలో గింజలు చూపించి మరీ చెప్తే, కోళ్ళను చూసుకోమన్నది ఎవరయ్యా? గుర్రం నోట్లో నెత్తురు చూస్తే గానీ పెళ్ళాం నోట్లో మాట వినపడదా నీకు?”

ఆయన జీను రెండో భుజానికి మార్చుకున్నాడు. మీమూన్ ఆయాసపడి ఆగితే ఆయనా ఆగాడు. నేను ఆగలేదు. నా కోపం అణువంత కూడా తగ్గలేదు. కానీ గుర్రానికి పళ్ళు లేవు కదా, ఆ ఇద్దరూ వచ్చేలోపు బార్లీ మెత్తగా ఉడకాలి. అందుకని గబగబా ముందు నడిచి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాను.