అర డిగ్రీ

మా అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ఐదో తరగతితో బడి మానేసింది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. ఆమె పని బోర్మా దగ్గర. పప్పు మీది తొక్క ఎండి సులువుగా ఊడిరావడానికి వేడి పట్టించే గదిని అక్కడ బోర్మా అంటారు. పప్పు పరిచిన ఇనప రేకులను లోపలికి తోయాలి, మధ్యలో తిప్పి పెట్టాలి, ఎండాక బయటికి లాగాలి. అక్క తలుపు తెరిచి ముంజేయి ఒక్క క్షణం లోపల పెట్టి, ఇంకో పావుగంట ఉండాలని చెప్పేది. గోడకి థర్మామీటరు ఉన్నా మేస్త్రీ అక్క చేతినే నమ్మేవాడు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం ఆమె పనినుంచి వచ్చి, కాలిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ నన్నొక మాట అడిగింది.

“ఒరే తమ్ముడా, రేకూ, దాన్ని లాగే కర్రా రెండూ పొద్దుట్నుంచీ ఆ గదిలోనే ఉన్నాయి. రేకు ముట్టుకుంటే సెయ్యి కాలతంది. కర్ర కాలదు. ఎందుకో నీ పుత్తకంలో ఉందేటి, సూడు.”

నాకు తెలియలేదు. మర్నాడు మా లెక్చరర్‌ని అడిగాను. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటేననీ, ఇనుము తనలోని వేడిని చేతికి గబగబా ఇచ్చేస్తుందనీ, కర్ర నెమ్మదిగా ఇస్తుందనీ, మనకు తెలిసేది ఆ ఇచ్చే వేగమేననీ ఆయన చెప్పారు. ఇంటికొచ్చి అక్కకు చెబితే శ్రద్ధగా విని, “అయితే నా సెయ్యి సెప్పేదంతా నిజం కాదన్నమాట” అంది. నేను ఫిజిక్సు చదవడానికి కారణం ఆ ప్రశ్నే. చదివించింది కూడా అక్కే. ఇప్పుడు టెక్కలిలో జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను.

నలభై ఆరో ఏట అక్క కాళ్ళు వాచాయి. ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఎవరూ రెండోమాట అడగరు. పరీక్ష చేయించేసరికే రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయి. నీళ్ళ వల్ల అంటారు, నేల వల్ల అంటారు, వేడిలో చెమటోడ్చి సరిగా నీళ్ళు తాగకపోవడం వల్ల అని కూడా అంటారు. బోర్మా దగ్గర పనిచేసిన ఆ ఏళ్ళ గురించి డాక్టరును అడిగాను. ఇదీ కారణమని చెప్పలేనన్నాడు. ఆ వేడిలో సరిగా నీళ్ళు తాగేదా అని అక్కను మాత్రం అడగలేదు.

వారానికి మూడుసార్లు డయాలసిస్. రెండు రోజులు బావ తన ఆటోలోనే పలాస తీసుకెళ్ళేవాడు. శనివారం నేను టెక్కలి నుంచి వెళ్ళి నాలుగు గంటలూ పక్కన కూర్చునేవాణ్ణి. మెషీను మొదలైన గంటకల్లా ఆమెకు వణుకు వచ్చేది. బయట మే నెల ఎండ మండుతుంటే లోపల రెండు దుప్పట్లు కప్పుకుని పళ్ళు టకటకలాడించేది.

“నా నెత్తురు బయట తిరిగి సల్లారిపోయి వత్తందిరా” అనేది.

ఆమె మాటలో తప్పేమీ లేదు. రక్తం గొట్టాల్లోంచి వెళ్ళేటప్పుడు గదిగాలికి కొంత వేడి పోతుంది. దాన్ని శుభ్రం చేసే ద్రవాన్ని మెషీను ఎంత వేడిలో ఉంచితే రక్తం దాదాపు ఆ వేడితో తిరిగొస్తుంది. మెషీను మీద ముప్ఫై ఆరు అని కనబడేది. ఒక శనివారం టెక్నీషియన్ కుర్చీ దగ్గరికి వెళ్ళి పెంచమన్నాను. అతను మర్యాదగానే కాదన్నాడు. పెంచితే ఒంట్లో రక్తనాళాలు వదులవుతాయనీ, బీపీ పడిపోతుందనీ, అక్కకు అసలే తక్కువనీ చెప్పాడు. నేను ఊరుకోలేదు. ఫిజిక్సు లెక్చరర్‌నని చెప్పుకున్నాను. ఒక్క అర డిగ్రీకి ఏమవుతుందని వాదించాను. అతను వెళ్ళి డ్యూటీ డాక్టరును అడిగాడు. డాక్టరు వచ్చి బీపీ చూసి, జాగ్రత్తగా గమనిస్తూ ఉండమని చెప్పి ఒప్పుకున్నాడు.

కాసేపటికి అక్క వణుకు ఆగింది. దుప్పటి ఒకటి తీసేసింది. నాకేసి చూసి నవ్వింది కూడా. నాకు గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి. అరగంట గడిచిందో లేదో ఆమె ముఖం పాలిపోయింది, కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, పిలిస్తే పలకలేదు. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి మంచం కాళ్ళవైపు ఎత్తాడు, సెలైన్ వదిలాడు, వేడి తగ్గించాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొన్ని నిమిషాలకు ఆమె కళ్ళు తెరిచింది. అతను బీపీ మళ్ళీ చూసి, రాసుకుని, తన కుర్చీకి వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తూ ఆటోలో నేను రోడ్డుకేసి తిరిగి కూర్చున్నాను. అక్కే నా చెయ్యి పట్టుకుంది.

“నీ తప్పేటీ లేదులే. ఆ కాసేపూ ఎచ్చగానే ఉండింది.”

ఆ తరవాత చలి గురించి ఆమె నాతో ఎన్నడూ అనలేదు. వణుకు మాత్రం వచ్చేది. నేను చూడకుండా దుప్పటి అంచు పళ్ళతో కరిచి పట్టుకునేది.

ఇంటి దగ్గర బాధ వేరు. దాహం. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని కట్టడి. ముంతవైపు చూసి ముఖం తిప్పుకునేది. ఆ విషయంలో మాత్రం నా చదువు కొంచెం అక్కరకొచ్చింది. ఐసుముక్క కరగడానికే బోలెడు వేడి తీసుకుంటుంది, కరిగాక వెచ్చబడటానికి మరికొంత. అంచేత అన్నే చన్నీళ్ళకన్నా అది నోటిని మూడింతలు ఎక్కువ చల్లబరుస్తుంది. ఆమె వాటాలోంచి కొన్ని నీళ్ళు తీసి చిన్న ముక్కలుగా గడ్డకట్టించమని బావకు చెప్పాను. ఒక్కో ముక్కను నాలుక కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అది కరిగిపోయేదాకా అలాగే ఉండేది. ఇది బాగుందిరా అనేది. ఆ ఏడాదిలో నేను ఆమెకు చేయగలిగిన మేలు అదొక్కటే.

వానాకాలం వచ్చేసరికి డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి పెట్టిన ఫిస్టులా మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు. దానికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇక పలాస తీసుకెళ్ళవద్దని ఆమే బావతో చెప్పింది. నేను వెళ్ళి బతిమాలాను. కోప్పడ్డాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని అంతా విని, “నీకు కాలేజీకి టైమవుతంది, ఎల్లు” అంది. ఆమె నాతో అన్న చివరి మాట అది.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం క్లాసులో ఉండగా బావ ఫోన్ చేశాడు. బస్సు దొరికి, వానలో ఊరు చేరేసరికి మూడు గంటలు పట్టింది. చాప మీద పడుకోబెట్టారు. నుదురు ముట్టుకున్నాను. చేతులు ముట్టుకున్నాను. అన్నీ చల్లగానే ఉన్నాయి. ఒంట్లో వేడి పుట్టడం ఆగిపోయాక ఏ భాగం ముందు చల్లబడుతుందో, ఏది ఆఖరున చల్లబడుతుందో నాకు తెలుసు. పక్కన కూర్చుని వీపు కిందికి చెయ్యి పోనిచ్చాను. అక్కడ, చాపకూ ఒంటికీ మధ్య, ఇంకా వెచ్చగా ఉంది.

స్నానం చేయించాలి లేవమని ఆడవాళ్ళు రెండుసార్లు చెప్పారు. నేను చెయ్యి తీయలేదు. మూడోసారి బావ వచ్చి నా భుజం పట్టుకుని లేవదీశాడు.