ఎడం పక్కకి ఒరిగిన గడ్డికుప్ప

మా జగన్నాధం మాస్టారు పోయిన సంగతి ఆ పూట చాలాసేపటి దాకా ఎవరికీ తెలియలేదు. అందులో ఎవరి తప్పూ లేదు. ఆయన పిట్టల ఫొటోలు తీసే మనిషి. కదలకుండా కూర్చోవడమే ఆయన విద్య. ఆ ఉదయం పెరటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని బయటికి చూస్తున్నారు. భార్య తాయారు పిన్ని టీ తెచ్చి, కిటికీ అవతల ఏ పిట్టో వాలి ఉంటుందనుకుని, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి మునివేళ్ల మీద వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి, చల్లారిపోయిన టీ తీసేసి వేడి టీ పెట్టింది. అదీ చల్లారిపోయాక చెవిలో గుసగుసగా అడిగింది:

“ఆ పిట్టేదో ఎగిరిపోనాదా, ఇంకా ఉన్నాదా?”

ఎగిరిపోయింది పిట్ట కాదని అప్పుడు తెలిసింది.

“సడి సేస్తే ఎగిరిపోయేది పిట్ట. ఈయన సడి సెయ్యకుండా ఎగిరిపోనారు” అని పిన్ని వచ్చినవాళ్లందరితో చెప్పి ఏడ్చింది. మేమూ ఏడ్చాం. మేమంటే ఆయన శిష్యులం. పెళ్లిళ్లకి వీడియోలు తీసే త్రినాథ్ ఒకడు, పోస్టాఫీసులో స్టాంపులు గుద్దుకునే నేను ఒకర్తెని. మిగతావాళ్లు మధ్యలోనే మానేశారు. కారణం చెబుతాను.

మాస్టారికి శ్రీకాకుళంలో ఫొటో స్టూడియో ఉండేది. ఊళ్లో నా వయసువాళ్ల పెళ్లిళ్లన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి. తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. ఆయన స్టూడియోకి తాళం వేసి, కెమెరా భుజాన వేసుకుని కొంగల వెనకాల పడ్డారు. బాధగా లేదా అంటే, “పెళ్లిలో నవ్వమంటే నవ్వుతారు. అది మొహమాటం, ఫొటో కాదు. కొంగని నవ్వమను సూద్దాం” అనేవారు.

నలభై దాటాక నాకూ ఈ పిచ్చి పట్టింది. కెమెరా కొనుక్కుని వెళ్తే మాస్టారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, పెరట్లో కోడిపెట్టను చూపించారు.

“దాని ఎదర కూసో. అది నిన్ను లెక్కసెయ్యడం మానేసినాక రా. అప్పుడిస్తాను కెమెరా.”

ఆదివారాలన్నీ కోడి ముందే గడిచిపోయాయి. మా ఆయన విజయ్‌కుమార్ ఊరుకుంటాడా? “ఇంట్లో నిన్నెవరూ లెక్కసెయ్యడం నేదు కదే, ఆ సర్టిఫికెట్టు సాలదేటి మీ మాస్టారికి?” అన్నాడు. చివరికి ఒకరోజు ఆ కోడి నా ఒళ్లో కూర్చుని గుడ్డు పెట్టింది. మాస్టారు కళ్లొత్తుకుని బీరువా తాళం తీశారు.

అసలు కథ ఆయన ముసుగుది. గోనెసంచులు కలిపి కుట్టి, లోపల వెదురు బద్దలు కట్టి, పైనంతా వరిగడ్డి గుచ్చి చేసుకున్నారు. ఎదురుగా కెమెరాకి ఒక కన్నం. ముక్కాలి పీట మీద కూర్చుని అది కప్పుకుంటే, కోతలైన పొలంలో ఆయనకీ గడ్డికుప్పకీ తేడా కనిపెట్టడం మనిషి తరం కాదు, పశువు తరమూ కాదు. తేలినీలాపురం దగ్గర ఒక ఆవు తీరిగ్గా ఆయన భుజమంతా మేసేసింది. ఆయన కదల్లేదు, ఎదురుగా ఎర్రకాళ్ల కొంగ ఉంది మరి. ఇంకో ఊళ్లో ఒక రైతు ఆయన్ని బండి మీదికి ఎత్తబోయాడు. “బాబూ, కొంచెం ఆగు, గూడబాతు దిగుతన్నాది” అంది గడ్డికుప్ప. రైతు కండువా వదిలేసి పరిగెత్తాడు. మర్నాడు ఆ చోట ఎవరో పసుపు కుంకం చల్లి కొబ్బరికాయ కొట్టి వెళ్లారు. మాస్టారు ఆ కొబ్బరిచెక్కలు ఇంటికి తెస్తే పిన్ని పచ్చడి చేసింది.

నాకూ అలాంటి ముసుగొకటి కుట్టించారు. చెమటకీ, చీమలకీ, ఆవులకీ ఓర్చుకోలేకే మిగతా శిష్యులు జారుకున్నది.

ఇక పెద్దకర్మ దగ్గర పడింది. ఆ రోజు ఫొటో ముందు ఆకు వేసి, పోయినవారికి ఇష్టమైనవన్నీ వడ్డించాలి కదా. పిన్ని మమ్మల్ని పిలిచి ఒకే ఒక కోరిక కోరింది.

“ఇన్నాళ్లూ కిటికీకేసి సూసుకుంటా తిన్నారు. అన్నంలో ఏటేసినానో కూడా ఎరగరు. ఈ ఒక్కపాలి నాకేసి సూసి తినాల. ఆయన ఎదురుగా ఉన్నట్టుండే ఫొటో ఒకటి ఎతకండర్రా. నేకపోతే నాను వడ్డించను.”

ఇంత ఊరికి ఫొటోలు తీసిన మనిషివి ఇంట్లో రెండే దొరికాయి. మొదటిది పెళ్లి ఫొటో. తన పెళ్లికి వేరే ఫొటోగ్రాఫరుని నమ్మలేక, పెళ్లికొడుకే కెమెరాకి టైమరు పెట్టి పీటల మీదికి పరిగెత్తాడు. చేరేలోపే అది క్లిక్కుమంది. ఫొటోలో పెళ్లికూతురు బుద్ధిగా ముందుకి చూస్తోంది. పక్కన గాల్లో ఒక పంచె, దాని కింద రెండు పాదాలు. రెండోది ఆధార్ కార్డు. అందులో నోరు తెరిచి ఉన్నారు. లైటు ఏ పక్కనుంచి రావాలో ఆ ఆపరేటరుకి పాఠం చెబుతుండగా పడిందది.

“ఇది పెడితే వచ్చినోళ్లకి ఈయన ఆకలేసి నోరు తెరిసినట్టు ఉంటాది” అని పిన్ని తోసేసింది.

ఫ్లెక్సీల షాపు నగరేశ్వరరావు ధైర్యం చెప్పాడు. “ఇప్పుడు కంప్యూటరే మనుషుల్ని తయారుచేసేత్తంది కదమ్మా” అని ఆధార్ బొమ్మని ఏదో యాప్‌లో వేసి, నోరు మూయించి, కోటు తొడిగి, జుట్టు నల్లగా దువ్వి పట్టుకొచ్చాడు. పిన్ని చాలాసేపు చూసింది.

“మనిషి బాగున్నాడు బాబూ. గానీ పరాయి మగోడు మనింట్లో ఎందుకు?”

అప్పుడు త్రినాథ్ భయపడుతూ తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. పోయిన చలికాలం చెరువు గట్టు మీంచి సరదాకి తీసినది. మంచులో కోసేసిన చేను, చేలో రెండు గడ్డికుప్పలు. ఒకటి మాస్టారు, ఒకటి నేను. పిన్ని ముఖం విచ్చుకుంది.

“ఇదిగో! ఇదీ ఆయనంటే. ఈ ఎడం పక్కన కుప్ప. దీన్నే పెద్దది సేయించండి.”

“కుప్పకి దండేస్తే జనం నవ్వుతారు పిన్నీ” అన్నాను.

“నవ్వనీ. ఆయనతో కాపరం సేసింది నాను. జనం కాదు.”

త్రినాథ్ ఫొటోని నగరేశ్వరరావుకి పంపి, “ఎడం పక్క కుప్పొక్కటే, ఆరడుగులు” అని ఫోనులో చెప్పాడు.

పెద్దకర్మ నాడు నేను వెళ్లేసరికి పెరటి పందిట్లో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. పైన వరసగా నాయకుల తలకాయలు. అవెందుకంటే, “అలవాటండి, పైన ఖాళీగా ఉంటే బోసిగా ఉంటాది” అన్నాడు నగరేశ్వరరావు. కింద ‘గురువు గారికి కన్నీటి వీడ్కోలు’. మధ్యలో ఆరడుగుల గడ్డికుప్ప, దానికి బంతిపూల దండ, నడిమధ్యన గంధం బొట్టు. మాస్టారి అన్నగారు దాలయ్య దాని కాళ్ల దగ్గర పట్టుకుని కూలబడి, “తమ్ముడా, నాకన్నా ముందు ఎలిపోనావురా” అని ఏడుస్తున్నాడు.

నేనూ చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కుప్ప అంచున ఏదో గులాబీ రంగు కనబడింది. దగ్గరికి వెళ్లి చూశాను. అది నా టిఫిన్ సంచి.

దండ పడింది నాకు.

త్రినాథ్‌ని పక్కకి లాక్కెళ్లాను. వాడు నగరేశ్వరరావుని లాక్కొచ్చాడు.

“ఎడం పక్కదే కదండీ కోసినాను?” అన్నాడాయన. “ముందు బొమ్మని అటుదిటు తిప్పినాను. తాయారమ్మగారి పందిట్లో కడితే దక్షిణంకేసి సూస్తాది. పోయినోళ్ల మొగం దక్షిణం సూడకూడదు. నానెప్పుడూ తిప్పే కొడతాను.”

“గడ్డికుప్పకి మొగం ఎక్కడున్నాదయ్యా?”

“నేదనుకోండి. అయినా పద్ధతి పద్ధతే కదా.”

ఈలోగా మా పోస్టాఫీసువాళ్లు వచ్చి నాకు దణ్ణాలు పెట్టుకుంటున్నారు. “మాస్టారు ఎంత గంభీరంగా ఉన్నారే శైలజా!” అని కన్యాకుమారి కళ్లు తుడుచుకుంది. విజయ్‌కుమార్ మాత్రం ఫ్లెక్సీని, సంచిని, నన్ను మార్చి మార్చి చూసి, వెళ్లి భక్తిగా నాలుగు పువ్వులు వేసి వచ్చాడు. “ఇంత కుదురుగా మనింట్లో ఒక్కనాడైనా కూసున్నావేటే?” అన్నాడు నా చెవిలో. బతికుండగానే మొగుడి చేత పువ్వులేయించుకున్నదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పిన్నికి చెప్పాలా, మానాలా? చెబితే వడ్డించదు. చెప్పకపోతే ఆవిడ మాస్టారనుకుని నాకు గారెలు పెడుతుంది. నేను తేల్చుకునేలోపే ఆవిడ ఆకు పట్టుకుని వచ్చేసింది. ఫ్లెక్సీకేసి చూసి ఆగిపోయింది.

“ఇది ఆయన కాదు.”

దాలయ్య ఏడుపు మధ్యలో ఆపాడు. “కాదేటి? అచ్చం తమ్ముడే కదా!”

“కాదు బావా. కెమెరా సంచి మోసి మోసి ఆయన ఎడం పక్కకి ఒరిగిపోనారు. మంచం మీదయినా, పీట మీదయినా అంతే. ఇది నిటారుగా ఉన్నాది, పోస్టాఫీసు కుర్సీలో కూసున్నట్టు.” నా వైపు తిరిగింది. “ఒసే, ఇది నువ్వే కదే?”

అవునన్నట్టు తలూపాను. దాలయ్య గభాల్న లేచి, ఇంతసేపూ నా కాళ్లు పట్టుకున్నందుకు క్షమించమని నాకు దణ్ణం పెట్టాడు. పంతులు గారికి కంగారు పుట్టింది. పిండం గోడ మీద పెట్టేశారు, ఎండ ముదురుతోంది. “ఏదో ఒకటి ఎదురుగా పెట్టండమ్మా, వేళ దాటిపోతోంది” అన్నారు.

పిన్ని ఆకు పట్టుకుని అలాగే నిలబడింది. తరవాత మెల్లగా అంది:

“ఒరే త్రినాథా, అటకెక్కు. ఆయన ముసుగు దింపు.”

వాడు ముసుగు, ముక్కాలి పీట తెచ్చి పెరట్లో పెట్టాడు. లోపల మనిషి లేకపోయినా, ఇన్నేళ్లూ ఆయన బరువుకి వంగిన వెదురు బద్దలు ముసుగుని నెమ్మదిగా ఎడం పక్కకి ఒరగనిచ్చాయి. భుజం దగ్గర ఆవు మేసిన చోట గోనె బయటపడి ఉంది. “ఇదిగో” అంది పిన్ని. కెమెరా కన్నం తన వైపుకి తిప్పుకుని, ఎదురుగా నేల మీద కూర్చుని వడ్డించింది. గుమ్మడికాయ దప్పళం, అరటికాయ వేపుడు, గారెలు. “దప్పళంలో బెల్లం ఏసినాను, సూసుకోండి” అని చెప్పి మరీ వడ్డించింది.

కాకి మాత్రం రాలేదు. దాలయ్య కావు కావుమని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఉన్న కాకులు కూడా వెళ్లిపోయాయి. పిన్ని వెనక్కి తిరిగి కసిరింది.

“అరిస్తే వస్తాదేటి? ఆయన శిష్యులు ఇద్దరున్నారు, ఒక్కరైనా సెప్పరేం? అందరూ ఎక్కడోళ్లక్కడ కూసోండి. కదలకండి!”

కూర్చున్నాం. ఇంత ఊరికి మాస్టారి మొదటి పాఠం ఒకేసారి పడింది. పంతులు గారు దర్భ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశారు. నగరేశ్వరరావు సగం నమిలిన కిళ్లీతో బిగుసుకుపోయాడు. విజయ్‌కుమార్‌కి దగ్గు ముంచుకొస్తే కండువా నోట్లో కుక్కుకున్నాడు. అటుగా వచ్చిన పాలబ్బాయి కూడా ఎందుకో ఏమిటో తెలియకుండానే గుమ్మంలో ఒంటికాలి మీద ఆగిపోయాడు. ఎంతసేపో తెలియదు. చీమ కుట్టినా ఎవరం గోక్కోలేదు.

కాకి వచ్చింది. గోడ మీద పిండాన్ని చూసి కూడా వదిలేసి, వచ్చి ముసుగు నెత్తిన వాలింది.

“పిండం ఒగ్గీసి గడ్డి పీకుతన్నాదేటి?” అన్నాడు దాలయ్య పళ్ల మధ్యనుంచి.

“ఉష్! ఆయన మీద వాలినాది. ఉండనీండి” అంది పిన్ని. తల తిప్పలేదు. కన్నంకేసే చూస్తోంది.

కాకి గూటికి పనికొచ్చే పరక ఒకటి ఏరుకుని, వెళ్తూ వెళ్తూ పిండాన్ని కూడా ఒక పోటు పొడిచి ఎగిరిపోయింది. పందిరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది, విజయ్‌కుమార్ దగ్గు అందులో కలిసిపోయింది. అప్పుడు తెలిసింది, త్రినాథ్ ఒళ్లో పెట్టుకున్న కెమెరాని కంటిదాకా ఎత్తకుండానే, మాస్టారు నేర్పినట్టు, ఫొటో తీసేశాడని.

ఫ్లెక్సీని దాలయ్య పట్టుకెళ్లిపోయాడు. ఇప్పుడది టెక్కలి వెళ్లే దారిలో వాళ్ల కళ్లంలో నిజం గడ్డికుప్ప మీద వానకి అడ్డుగా కప్పి ఉంది. బస్సులో అటు వెళ్లినప్పుడల్లా మా ఆయన కిటికీలోంచి నాకు దణ్ణం పెట్టి, పక్కసీట్లోవాళ్ల చేత కూడా పెట్టిస్తాడు.

మొన్న పిన్నిని చూడ్డానికి వెళ్లాను. గోడ మీద పెళ్లి ఫొటో పక్కన త్రినాథ్ తీసినది ఫ్రేము కట్టించి పెట్టింది. ముసుగు, నెత్తిన కాకి, ఎదురుగా పిన్ని, మధ్యలో ఆకు. కాకి బాగా వచ్చింది పిన్నీ అన్నాను.

“కాకి మాట ఒగ్గీ. పెళ్లినాడు ఒక్క క్షణం కుదురుగా కూసోనేకపోనారు” అని పక్క ఫ్రేములో గాల్లో ఎగురుతున్న పంచెని చూపించి, మళ్లీ ముసుగు మీద వేలు పెట్టింది. “ఇందులో సూడు. నాకేసే సూస్తన్నారు. కదల్నేదు.”