ఆమె అతన్ని ‘మీరు’ అంది

పదహారేళ్లప్పుడు బీదర్‌లో అమ్మతో కలిసి చూసిన ఒక తెలుగు సినిమాను నేను చాలా ఏళ్లు అసహ్యించుకున్నాను. కథ పెద్దదేమీ కాదు. కన్నతల్లిలా పెంచిన వదిన మీద మరిది లేనిపోని నింద వేస్తాడు. భర్త అది నమ్మి ఆమెను వెళ్లగొడతాడు. చివర్లో అదే మరిది అన్నీ పోగొట్టుకుని ఆమె గుమ్మం ముందుకు వస్తాడు. ఆమె అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, విస్తరి వేసి, కడుపునిండా అన్నం పెడుతుంది. అతను ఏడుస్తాడు. అంతే, సినిమా అయిపోతుంది.

పక్కన అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

“ఏం సిన్మ ఇది! చెప్పు తీసి కొట్టేది పోయి, కూసోబెట్టి అన్నం పెడ్తదా?” అని ఆటోలో అరిచాను.

“నీకు సమజ్ కాలే,” అంది అమ్మ.

నా కోపం సినిమా మీద మాత్రమే కాదు. కొన్ని నెలల ముందు మా ఇంట్లోనూ అలాంటిదే జరిగింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, మా చర్చిలో పాటలు పాడే బృందాన్ని, కొయర్‌ను, నడిపేది. అమ్మకు వరసకు అన్న, అంటే నాకు మామ, చర్చి కమిటీలో పెద్ద. అమ్మ ఆయన్ను ‘అన్నా, నువ్వు’ అనే పిలిచేది. కొయర్ తన భార్య చేతికి రావాలని ఆయనకు ఎప్పటినుంచో ఉండేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ లేచాడు.

“మా చెల్లె డ్యూటీ డ్యూటీ అనుకుంట ఏడికి పోతదో, ఎవనితోని తిరుగుతదో నాకెరుక. గసుంటామె ముందట నిలవడి దేవుని పాట పాడుడేంది?”

ఒక్కరూ రుజువు అడగలేదు. అమ్మ పాటల పుస్తకం బెంచీ మీద పెట్టి, వెనక వరసలోకి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చుని, ప్రార్థనలో క్షమాపణ మాట వచ్చే చోట నోరు మూసుకునేదాన్ని. మామకు ఏమేం జరగాలో ఆ కాసేపట్లో వరసగా ఊహించుకునేదాన్ని.

ఆయనకు ఏమీ జరగలేదు. పైగా కలిసొచ్చింది. హైదరాబాద్ ఉబ్బిపోతున్న రోజులవి. మా వీధిలో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాడూ బస్సెక్కి అటే పోయాడు. మామ కొడుకుకూ అక్కడ పెద్ద ఉద్యోగం వచ్చింది. మామ నడకే మారిపోయింది. నేను బీఎస్సీ ముగించి, ఊరి పక్కనే ఉన్న కొల్హార్‌లో మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. పొద్దున షిఫ్టుకు వెళ్లే ఆటోలో ఇరుక్కుని కూర్చుని, ఏదో ఒక రోజు మామ మొహం మీద అనాల్సిన మాటలను మనసులో నూరుకుంటూ ఉండేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. ఒక సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చాడు.

“చెల్లె, బాగున్నవా?”

“రాండ్రి, కూసోండ్రి,” అంది అమ్మ.

కొడుక్కి హైదరాబాద్‌లో సంబంధం కుదిరేలా ఉంది. పిల్ల తల్లి, మా అమ్మ కలిసి నర్సింగ్ చదివినవాళ్లు. ఆ సంగతి మామకు ఇప్పుడే తెలిసింది. “నీ చెల్లెను తోల్కొస్తెనే ముచ్చట అంటున్నరు. నువ్వు రావాలె,” అన్నాడు.

“ముందుగాల తినుండ్రి,” అని అమ్మ, పాస్టరు గారు వస్తే తీసే పింగాణీ పళ్లెం తీసింది. జొన్నరొట్టె, పుంటికూర, అదే గోంగూర, వేసి వండిన మాంసం పెట్టింది. నేను నూరుకున్న మాటలన్నీ నాలుక చివర పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ నావైపు ఒక్కసారి చూసి, “నీళ్లు తే,” అంది.

మామ రొట్టె తుంచి ఆగాడు. “గప్పుడు నేను తప్పు మాట్లాడిన. తిట్టు చెల్లె. ఒక్క మాటన్న అను.”

“ఇంకో రొట్టె ఎయ్యమంటరా?”

“అన్నా అని పిలువవా?”

“కూర సాలదా మీకు?”

ఆయనకు ముద్ద దిగలేదు. “హైదరాబాద్ వస్తవు గదా?” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

“నాకు డ్యూటీ ఉన్నదండి.”

చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. “మాఫ్ చేసినవా ఆయినెను?”

అమ్మ పళ్లెం తోముతూ, “మాఫ్ చేసిన అని ఎవరన్నరు?” అంది.

ఆ వారమే అప్పటి ఆ సినిమా సీడీ అద్దెకు తెచ్చి మళ్లీ చూశాను. మొదటి సగంలో వదిన మరిదిని “నువ్వు తిన్నావా నాన్నా?” అంటుంది. చివర్లో అదే నోటితో “ఇంకొంచెం వడ్డించమంటారా?” అంటుంది. ఇంట్లోకి రానివ్వదు, ఇంటి కంచంలో పెట్టదు. దారిన పోయేవాడికి పెట్టినట్టు పెడుతుంది. పదహారేళ్లప్పుడు అదంతా నాకు మర్యాదగా, మెతకతనంగా కనిపించింది. ఇప్పుడు అతని మొహం చూస్తే తెలిసింది. తాను ఆమెకు ఇక ఎవరూ కాడు. అందుకే ఏడుస్తున్నాడు. చెప్పుదెబ్బ తగిలినా తుడుచుకుని బతికేవాడు. ఆ సీను వెనక్కి తిప్పి తిప్పి చూశాను. ప్రతిసారీ కడుపు చల్లబడింది. అంత మంచి సినిమా నేను మళ్లీ చూడలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మామ లేచి నిలబడ్డాడు. చెల్లెలి గురించి తాను ఒకప్పుడు చెప్పింది అబద్ధమని, దాన్ని నిజమని నమ్మినవాళ్లు కూడా తనను క్షమించాలని, తల వంచుకుని గొణిగాడు. సంబంధం కోసమే ఆ పని చేశాడో, రొట్టె గొంతులో అడ్డం పడి చేశాడో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. అమ్మ తలెత్తలేదు. ఆయన కూర్చోబోతుంటే నేను లేచాను.

“ఎనుకకు ఇనవస్తలేదు మామా,” అన్నాను. “మళ్లొకసారి చెప్పుండ్రి.”

చర్చి అంతా నావైపు తిరిగింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి గట్టిగా.