వదిన పిండికి జేజి ముద్ర

మొన్న అనంతపురం సూపర్‌మార్కెట్‌లో ఫ్రీజర్ పెట్టె అద్దం జరిపి చూస్తే, బిస్కెట్ పిండిని ఉండలు కట్టి, గడ్డకట్టించి, ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఇంటికి తెచ్చుకుని కాల్చుకోవడమేనట. ఆ ప్యాకెట్టును నాలుగుసార్లు తిప్పి చూశాను. లోపల ఏం కలిపారో, ఎన్నాళ్ళ కిందటిదో, ఎవరి చెయ్యి పడిందో! చివరికి తీసినచోటే పెట్టేశాను. అనుమానం మా ఇంటి ఆడవాళ్ళకు ముక్కుపుడకతో పాటే వస్తుంది. నాకు మా జేజి నుంచి వచ్చింది.

జేజి అంటే మా నాయనకు అమ్మ. బతుకంతా శనక్కాయల కళ్ళం కాసిన మనిషి. కాయలు రాశి పోసిన సాయంత్రం చుట్టూ బూడిదతో ముద్రలు వేసి ఇంటికొచ్చేది. తెల్లారి ముద్ర చెదిరి ఉంటే రాశిలో ఎవడో చెయ్యి పెట్టినట్టే. కళ్ళంలో ఆ పద్ధతి ఆమెకు ఒక్కసారీ తప్పలేదు. అదే మా కొంప ముంచింది.

తొంభైల చివర్లో అన్నకు పెళ్ళయి ముదిగుబ్బ వైపు నుంచి వదిన వచ్చింది. ఫ్రిజ్ కూడా ఆ ఏడే వచ్చింది. వదిన మైదా, వేయించి దంచిన శనక్కాయలు, బెల్లంపొడి, నెయ్యి కలిపి బిస్కెట్లు చేసేది. అడుగున ఇసుక పోసిన దబరలో కాల్చాలి కాబట్టి వాయికి ఎనిమిది పడితే గొప్ప. అందుకని పిండంతా ఒకేసారి కలిపి, ఉండలు చేసి, ఫ్రీజర్‌లో పళ్ళెంలో పేర్చిపెట్టేది. ఎవరైనా వస్తే ఎనిమిది తీసి కాల్చేది. అబ్బ, ఆ వాసనకు వీధిలో పోయేవాళ్ళు కూడా పలకరించే వంకతో లోపలికొచ్చేవాళ్ళు.

జేజికి మాత్రం ఇది మింగుడుపడలేదు. "చేసినోళ్ళు కాల్చుకోని తినాల గానీ, పచ్చిపిండి దాచిపెట్టేదేందిమే? ఎవురికి దాస్తాంది?" అని నన్నడిగింది. నేను జవాబు చెప్పేలోపు పుట్టింటికేనని తనే తేల్చేసింది.

ఒకరోజు వదిన మిద్దెమీద బట్టలు ఆరేస్తుంటే, జేజి ఫ్రీజర్ తెరిచి ఉండ ఉండకూ విభూతి బొట్టు పెట్టింది. కళ్ళం అలవాటు యాడికి పోతుంది! నన్ను కావలి పెట్టింది. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు, డిగ్రీ చదువుతున్నాను, అయినా సిగ్గులేకుండా ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయి సాయంత్రానికి గానీ రాలేదు. జేజి చూసేసరికి బొట్లు లేవు, ఉండలు కాస్త చదునుగా ఉన్నాయి. ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి.

"చూస్తివా? మంచివన్నీ తీసేసి నెయ్యి లేనివి పెట్టిండాది," అంది.

మంచు కరిగి ఆ పళ్ళెంలోకి నీళ్ళు కారడం మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. "నీళ్ళు పడి పోయినాయేమో జేజీ..." అనబోయాను.

"నువ్వూ ఆయమ్మ పక్క చేరినావా?"

నోరు మూసుకున్నాను. జేజికి చెడ్డదాన్ని కావడం నాకిష్టం లేకపోయింది.

ఆ వారంలోనే వదిన వాళ్ళ నాయన వచ్చాడు. భోంచేసి బయలుదేరుతుంటే జేజి గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఏమప్పా, ఆ సంచిలో ఏముండాదో ఒగసారి చూపిచ్చు."

ఆయనకు అర్థం కాలేదు. వదినకు అర్థమై ముఖం పాలిపోయింది. ఆయన నవ్వుతూనే సంచి తెరిచాడు. ఒక తువ్వాలు, ఒక స్టీలు డబ్బా. జేజి మూత తీసింది. కడిగి తుడిచిన ఖాళీ డబ్బా.

"నెయ్యి తెచ్చిన డబ్బామ్మా. మా పాప బిస్కెట్లు చేస్తాదని, వచ్చినప్పుడల్లా తెస్తాండా," అన్నాడాయన.

ఆ నెయ్యి మా ఇంటిదేనని జేజీ నేనూ అప్పటిదాకా అనుకుంటూ వచ్చాం. మా వైపు, ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు, గుప్పెడు చక్కెరైనా వేస్తారు. మా అనుమానాన్ని ఎప్పుడో పసిగట్టి, దానికి జడిసి, వదిన తన నాయన డబ్బాలో ఒక్క బిస్కెట్టు కూడా వేయలేదు. నా తల కొట్టేసినట్టయింది.

ఆయన పోయాక జేజికి ఫ్రీజర్‌లో కారిన నీళ్ళ సంగతి చెప్పాను.  మర్నాడు ఆమె వంటింట్లోకి పోయి, "బిస్కెట్లు చెయ్యమ్మా, మీ నాయనకు నేనే పంపిస్తా," అంది. వదిన "సరే జేజీ" అంది, మర్యాదగా. ఆ తర్వాత ఆమె బిస్కెట్ పిండి కలపగా నేను చూడలేదు.

జేజి పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ వదిన పుట్టింటికి బయలుదేరితే, ఎవరూ అడక్కముందే సంచి నోరు తెరిచి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడుతుంది. అడిగే మనిషి లేకుండా పోయినా, ఆ క్షణం మాత్రం ఆమెకు ఇంకా గడిచిపోలేదు.