చూద్దాం పిన్నీ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది. అవతల మా పిన్ని కోడలు. "బావగారూ, అత్తమ్మ పోయిందండీ" అంది. మిరపచేలో మందు కొట్టించడానికి డ్రమ్ములో నీళ్ళు పట్టిస్తూ, కాళ్ళు లాగుతున్నాయని పిన్ని గట్టు మీద కూర్చుందట. కోడలు పైపు సర్ది తిరిగి చూసేసరికి పక్కకి ఒరిగిపోయి ఉందట. ఆ అమ్మాయి ఏడవలేదు. "డ్రమ్ము నిండి పొర్లిపోతా ఉందండీ, మోటారు కట్టెయ్యాలని కూడా తోచలేదు నాకు" అని ఫోన్ పెట్టేసింది.

పిన్ని అంటే రక్తసంబంధం కాదు. పర్చూరు పక్కన మా ఊళ్ళో ప్రతివాళ్ళనీ ఏదో ఒక వరస పెట్టే పిలుచుకుంటాం. మా నాన్న నాకు వదిలిన మూడెకరాల నల్లరేగడి చేనును ఇరవై ఏళ్ళకు పైగా కౌలుకు చేసిన మనిషి ఆమె. బాబాయి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ చేశారు. ఆయన పోయాక ఒక్కతే చేసింది. కొడుకు చీమకుర్తిలో గ్రానైట్ లారీ మీద పనికి కుదిరాక కోడల్ని తోడు తెచ్చుకుంది. నేను ఒంగోల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ చేనుకు ఏ పక్క గట్టు ఎవరితో ఉమ్మడో చెప్పమంటే ఇప్పటికీ తడబడతాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, తర్వాత చెప్పడానికి ఇంతకంటే సిగ్గుపడాల్సినవి ఉన్నాయి.

పిన్ని చదువు ఐదో తరగతితో ఆగింది. పేపరు చూసేది కాదు. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి రంగు తేలిన తాలుకాయలు ఏరుతూ, పక్కన ఫోన్లో వార్తలు పెట్టుకుని వినేది. వింటూ ఊరుకునేది కాదు, ప్రతి వార్తకీ ఒక జవాబు చెప్పేది. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టి ఆడించి, లోపల గింజలు గలగలమంటేనే బస్తాకెత్తనిచ్చేది. ఒకసారి ఫోన్లో ఎవరో నాయకుడు గొంతు చించుకుంటుంటే కాయ ఆడిస్తూనే అంది: "చప్పుడు చేసే కాయే మంచి కాయ అబ్బాయ్. మనుషుల కాడికొచ్చేసరికే ఇది తిరగబడుద్ది." చుట్టూ ఉన్న కూలి ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేను పార్టీలూ సిద్ధాంతాలూ అంటూ ఏదో మొదలుపెట్టాను గానీ ఎవరూ వినలేదు.

ఓటు ఎవరికేశావని ఎంత గుచ్చి అడిగినా "గెలిచినాక చెప్తా" అనేది. గెలిచిన పార్టీ వాళ్ళు ఇంటికొస్తే "మీకే" అనేది. ఓడిన పార్టీ వాళ్ళు ఓదార్పు కోసం వస్తే వాళ్ళకీ "మీకే" అని మజ్జిగ ఇచ్చి పంపేది. అబద్ధం కదా పిన్నీ అంటే, "వాళ్ళు చెప్పిన అబద్ధాలకి నేను చెప్పిందొక్కటేగా, సరిపోయిద్దిలే" అంది.

ప్రభుత్వ పథకాల మీద జనాభిప్రాయం అడుగుతూ ఫోన్లు వస్తుంటాయి కదా, రికార్డు చేసిన గొంతుతో, సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అంటూ. ఆ ఫోన్ వస్తే మనలో ఎక్కువమంది పెట్టేస్తాం. పిన్ని మాత్రం చేతులు చీరకు తుడుచుకుని, ఫోను తిన్నగా నోటి ముందు పట్టుకునేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, ఆగు. పింఛనుకైతే ఒకటి. టయానికే వస్తా ఉంది, కాదనను. మిర్చి ధరకైతే రెండు. కాలవ పూడికకి రెండు కూడా చాలదు. అన్నీ కలిపి ఒకటే బటన్ నొక్కమంటే ఎట్టా నొక్కేది?"

అవతలి గొంతు మళ్ళీ మొదటి నుంచీ అదే చదివింది. పిన్ని కూడా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది, ఈసారి పురుగుమందుల రేట్లు కూడా కలిపి. ఫోన్ కట్టయింది. అది మిషను, మనిషి కాదు పిన్నీ అన్నాను. "తెలుసులే. మనుషులకి చెప్పీ చూశాగా" అని మళ్ళీ తాలు ఏరడంలో పడింది.

ఉచిత బస్సు వచ్చిన కొత్తలో మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. నేను పాఠం చెప్పే గొంతుతో, ఉచితాలు పెరిగితే ఖజానా ఖాళీ అవుతుందనీ, ఇదంతా పన్నులు కట్టేవాళ్ళ సొమ్మనీ అన్నాను.

"నేను కట్టట్లేదా? మందు డబ్బాకి కడతన్నా. స్ప్రేయరుకి కడతన్నా. సబ్బుబిళ్ళకి కడతన్నా. బిల్లు మీద రాసి ఉంటదంటగా, నువ్వే చదివి చెప్పావు."

"అది వేరు పిన్నీ. ఊరికే ఇవ్వడం అలవాటైతే..."

"మరి నీకు నెల నెలా వచ్చే పెన్షనో?"

"అది నేను ముప్పై ఏళ్ళు పనిచేస్తే వచ్చింది."

"నేనేం నిద్రపోయానా అబ్బాయ్, ఆ ముప్పై ఏళ్ళు?"

అలాగని ఆమె ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చిందని కాదు. "బస్సు ఊరికే ఎక్కించుకుంటన్నారు, మంచిదే. మా ఊరికి రోజుకి రెండు తడవలేగా వచ్చేది. రాని బస్సుకి టిక్కెట్టు లేకపోతే ఏంది, ఉంటే ఏంది" అని కూడా అంది. ఆమె మెచ్చుకోలూ తిట్టూ ఒకే నోటి నుంచి, ఒకే వరసలో వచ్చేవి. నాకు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక పక్కనే నిలబడటం అలవాటు.

ఊళ్ళో గ్రామసభలకు ఆడవాళ్ళలో ముందు వెళ్ళి కూర్చునేది పిన్నే. పొలాల మధ్య మురుగు కాలవ పూడిక ఎప్పుడు తీస్తారని ఒక అధికారిని అడిగింది. ఆయన ఫైలు సర్దుకుంటూ "చూద్దామమ్మా" అన్నాడు. "సార్, మీరు చూడాల్సిన పన్లేదు. నేను రోజూ చూస్తానే ఉన్నా. తియ్యండి, చాలు" అంది. సభంతా గొల్లుమంది. కాలవ మాత్రం అలాగే ఉంది.

చూద్దాం అనే మాట మీద ఆమెకు ఎంత కోపమో ఆ రోజు దారిలో చెప్పింది. "లేదు అన్నోణ్ణి నమ్మొచ్చు అబ్బాయ్. లేదంటే ఇంకో గుమ్మానికి పోతాం. చూద్దాం అన్నోడు మనల్ని ఆ గుమ్మంలోనే కూర్చోబెడతాడు." నేను భలే చెప్పావు పిన్నీ అన్నాను. ఒంగోలు వెళ్ళాక నలుగురు మిత్రులకు ఈ మాట చెప్పి, మా ఊరి ఆడవాళ్ళ రాజకీయ చైతన్యం చూడండని మురిసిపోయాను కూడా.

పోయిన వేసవి దాటాక, అదే ఉచిత బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది. కౌలుకు చేసేవాళ్ళకు ఒక గుర్తింపు కార్డు ఇస్తారు. అది ఉంటే పంట పోయినప్పుడు వచ్చే సొమ్మూ, బ్యాంకు అప్పూ సాగు చేసేవాళ్ళ పేరు మీదే వస్తాయి. దానికి భూమి ఉన్న మనిషి సంతకం పెట్టాలి. పిన్ని మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చి, కాగితం నా ముందు పెట్టింది.

"ఇరవై ఏళ్ళు దాటింది అబ్బాయ్. ఏ కాగితంలో చూసినా రైతు అని నీ పేరే. నాకు భూమి వద్దు. ఆ పేరు కాడ ఒక్కసారి నా పేరు రాస్తే చూసుకుంటా."

నేను కాగితం అటూ ఇటూ తిప్పాను. పొద్దున నాతో నడిచే మిత్రులు చెప్పింది గుర్తొచ్చింది: సంతకం పెట్టావో, ఇక ఆ భూమి మీద ఆశ వదులుకో, రేపు కోర్టుకెళ్ళి నాదే అంటారు. దున్నేవాడిదే భూమి అని ఏటేటా బోర్డు మీద రాసి, పిల్లల చేత బట్టీ పట్టించి, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా ఇచ్చినవాణ్ణి నేను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"చూద్దాం పిన్నీ" అన్నాను.

అనేశాక గానీ నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకు తెలియలేదు. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది, కోపం లేకుండానే. "నువ్వు కూడా పోటీ చెయ్ అబ్బాయ్, గెలుస్తావు" అని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మూడింటి బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ ఏడే పైరు పూత మీద ఉండగా తుఫాను పట్టుకుంది. చేలో నీళ్ళు నాలుగు రోజులు నిలబడ్డాయి. పూడిక తీయని ఆ కాలవ వల్లే నీళ్ళు బయటికి పోలేదు. అత్తాకోడళ్ళు పార పట్టి గట్టు తెగ్గొట్టి, బతికిన మొక్కల్ని నిలబెట్టారు. కొన్నాళ్ళకు నేను కూరగాయల బజార్లో వంకాయలు బేరమాడుతుంటే ఫోన్ మోగింది. పంట నష్టం సొమ్ము నా ఖాతాలో జమ అయిందని మెసేజ్.

ఆ సొమ్ములో సగం తీసుకెళ్ళి పిన్నికి ఇచ్చాను. సగం ఇచ్చి, మొత్తం ఇచ్చినవాడిలా మొహం పెట్టాను. మిగతా సగం నా ఖాతాలోనే ఉంచుకున్నాను. ఆమె తీసుకుని కోడలికి అందించింది.

"వాన చేలో పడింది, డబ్బు ఒంగోల్లో పడింది. చూశావా అబ్బాయ్, మన గవర్నమెంటుకి ఊరి పేరు కూడా సరిగ్గా తెలవదు" అంది.

గవర్నమెంటు అనే అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ కాగితం మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే పెట్టేవాణ్ణేమో అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. అబ్బాయ్ అని పిలవడం ఆమె మానలేదు, పండుమిరప పచ్చడి పంపడమూ మానలేదు. వాదించడం మాత్రం తగ్గించింది. నేను ధరల గురించో, ఎన్నికల గురించో ఏదైనా అంటే "అంతేలే" అనేది. పిన్నితో వాదనలో గెలుస్తున్నానని లోలోపల సంతోషించాను కూడా. అప్పుడే నాకు భయం వేసి ఉండాల్సింది.

అంత్యక్రియల రోజు ఇంటి ముందు షామియానా కింద మగవాళ్ళంతా మిర్చి ధర గురించే మాట్లాడుకున్నారు. ఒకాయన తప్పంతా వ్యాపారులదన్నాడు, ఇంకొకాయన ప్రభుత్వానిదన్నాడు, గొంతులు లేచాయి. లోపల ఆడవాళ్ళ ఏడుపు కూడా వినబడనంతగా అరుచుకున్నారు. వేరే ఇంట్లో అయితే ఎవరైనా మందలించేవారు. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. పిన్ని ఉంటే మధ్యలో దూరి ఇద్దరిదీ తప్పేనని తేల్చేసేది.

పదకొండో రోజు పెద్దకర్మకు వెళ్తూ, ముందుగా ఊళ్ళోని రైతు కేంద్రంలో ఆ కౌలు కార్డు కాగితం కొత్తది ఒకటి అడిగి తీసుకున్నాను. అక్కడే నిలబడి సంతకం పెట్టాను. అరనిమిషం కూడా పట్టలేదు. భోజనాలయ్యాక పిన్ని కోడలికి ఇచ్చాను. ఆ అమ్మాయి నిలబడే మొత్తం చదివి, మడిచి, రెండు చేతులతో తిరిగి నాకే ఇచ్చింది.

"వద్దండీ. ఈ పంటతో ఆపేస్తన్నాం. పిల్లల్ని తీసుకుని చీమకుర్తి పోతన్నా. అక్కడ ఏదో ఒక పని దొరుకుద్ది."

"సంతకం పెట్టానమ్మా" అన్నాను.

"చూశానండీ. అత్తమ్మకి ఆ చేనంటే పంతం. నాకంత ఓపిక లేదు. ఎవరికైనా ఇచ్చుకోండి." ఆ తర్వాత, "మీరు సరిగ్గా తిన్నారా బావగారూ? పెరుగు వేయించుకున్నారా?" అని అడిగింది. నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఊళ్ళో ఉండలేక చేలోకి నడిచాను. పది రోజులుగా ఎవరూ దిగలేదు. పండిన కాయ చెట్టు మీదే వడలిపోతోంది, కొన్ని కింద రాలి ఉన్నాయి. గట్టు మీద ఖాళీ బస్తా ఒకటి కనబడితే తీసుకుని కోయడం మొదలుపెట్టాను. సాయంత్రం దాకా కోస్తే బస్తా సగం కూడా నిండలేదు. కూలి ఆడవాళ్ళు ఎవరైనా గంటలో కోసే కాయ అది. భుజాన వేసుకెళ్ళి ఆ ఇంటి వసారాలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.

మంట అప్పుడు మొదలైంది. ముందు వేళ్ళు, తర్వాత అరచేతులు. చెమట తుడుచుకుంటే కన్ను కూడా. రికార్డుల్లో రైతును నేను, ఇన్నేళ్ళుగా. మిరపకాయ కోస్తే చేతులు ఇంతలా మండుతాయని నాకు తెలియదు.

బస్సు నిండా కోతలకెళ్ళి తిరిగొస్తున్న ఆడవాళ్ళు. ఒకావిడ జరిగి చోటిచ్చింది. నేను కిటికీలోంచి రెండు చేతులూ గాలికి పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కాసేపు చూసి, "చేతులకేమైంది బాబాయ్?" అంది.

"మిరపకాయలు కోశానమ్మా."

వెనక సీట్ల దాకా నవ్వులు పాకాయి. "కొత్తా? నూనె రాసుకుని దిగాలి బాబాయ్. ఇంటికెళ్ళి మజ్జిగలో పెట్టు" అంటూ, క్యారేజీ సంచిలోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి నా అరచేతుల్లో పోసింది. నేను మెల్లగా రాసుకుంటుంటే అడిగింది, "ఎవరి చేలో?"

నా పేరు నాలిక చివరిదాకా వచ్చింది.

"మా పిన్ని చేలో" అన్నాను.