మా తోడికోడలి సత్యవ్రతం

అనకాపల్లిలో మా బెల్లం కొట్టు మేడ మీద రోజూ పొద్దున్నే ఆడవాళ్లకు యోగా క్లాసు. అందులో అందరికన్నా ముందు చేరింది నేను. మా మరిది భార్యను వెంటబెట్టుకుని తీసుకొచ్చిందీ నేనే, బుద్ధి గడ్డి తిని! పద్మాసనం వేస్తే తన మోకాలు నేలకు ఆనదు. నేను శీర్షాసనం వేస్తే గోడ అక్కర్లేదు. అయినా టీచరుగారి మెచ్చుకోళ్లన్నీ తనకే. చూస్తుంటే కడుపు మండిపోయేది.

టీచరుగారు కూతురి దగ్గరుండటానికి విశాఖపట్నం వెళ్లిపోతున్నారు. క్లాసు మాలో ఒకరికి అప్పగిస్తానన్నారు. అది నాకేనని ఎంత ధీమా అంటే, టీచరులా కనిపించాలని కొత్త చుడీదారు కూడా కుట్టించుకున్నాను.

శనివారాలు ఆసనాలుండవు. అహింస, సత్యం, అస్తేయం, సంతోషం, వీటిలో ఒకదాన్ని ఆ వారం ఎలా పాటించామో ఒక్కొక్కరం లేచి చెప్పాలి. అవి లేనిదే యోగా కాదు, కాళ్లూ చేతులూ ఆడించడమే అంటారు టీచరుగారు. మేం వర్తకుల ఇళ్ల ఆడవాళ్లం. మన సరుకులో లోపం మన నోటితో చెప్పకూడదని కాపురానికొచ్చిన కొత్తలోనే నేర్చుకున్నాం. అందుకే ఏ శనివారం చూసినా మా మేడ మీద ఒక్క పాపీ ఉండదు.

ఆఖరి శనివారం సత్యం వంతు వచ్చింది. వారమంతా ఒక్క అబద్ధమూ ఆడలేదని చక్కగా చెప్పి కూర్చున్నాను. తర్వాత మా తోడికోడలు లేచింది. కె. కోటపాడులో చెరకు రైతుల ఇంటి పిల్ల, మా పద్ధతులు ఇంకా వంటబట్టలేదు.

"మా అక్కంటే నాకు కుళ్లండి. శీర్షాసనం ఏసినప్పుడల్లా ఒక్కసారి పడిపోతే బాగుణ్ణు అనుకుంతాను. సత్యం సెప్పమన్నారు కదండి, సెప్పేసేను."

టీచరుగారు కళ్లు తుడుచుకుని, "సోమవారం నుంచి క్లాసు నువ్వే చెప్పమ్మా," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. కుళ్లంటే తనదా? తను దోసె చిరగకుండా తీసినా ఓర్వలేనిదాన్ని నేను. ఇన్నేళ్లుగా లోపల దాచుకుని ఏడ్చేది నేనైతే, పేరు తనకొచ్చింది!

మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది. "కోపవొచ్చిందేటక్కా?"

"నాకెందుకే కోపం? నిన్ను సూత్తే ముచ్చటేసింది," అన్నాను.

పిచ్చిది, నమ్మేసింది.