మా అత్త కట్టిన దేశాల మూటలు

మా మేనత్త పోయిందన్న కబురు విరుదునగర్‌లోని మా ఇంటికి పత్తి బండివాడు తెచ్చాడు. కోవిల్పట్టి దగ్గర నల్లరేగడి పల్లె ఆమెది. రైలు దిగి చేలగట్ల మీద నడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బడి లేని ఆ పల్లెలో ఆడపిల్లలకు లోకాన్ని చూపించిన మనిషి ఆమె ఒక్కతే. ఇక ఎవరున్నారు?

పెళ్ళయిన కొత్తలోనే మా మామ ఓడెక్కి రంగూను పోయాడు. కొన్నాళ్ళకు కబుర్లు ఆగిపోయాయి. తాళి తీయాలో ఉంచుకోవాలో చెప్పే కబురు కూడా రాలేదు. రంగూను ఎక్కడని అడిగితే ఊళ్ళో అందరూ తూర్పుకు చెయ్యి చూపించేవారు, అంతే. అప్పటినుంచి అత్త విరుదునగర్ సంతకు వచ్చినప్పుడల్లా అంగళ్ళవాళ్ళ ప్రాణం తీసేది. ఈ సరుకు ఏ దేశానిది, అక్కడ ఇళ్ళెట్లా ఉంటాయి, వానెప్పుడు పడుతుంది అని అడిగి, ప్రతిదీ కొంచెం కొని తెచ్చి, దేశానికొక పాతచీర ముక్కలో మూట కట్టేది.

ఆ పల్లెలో పెరిగిన ఆడపిల్లలం, ఆ మూటలే మాకు చదువు. నీలం చీరముక్కలో కట్టిన బర్మా మూటలో బియ్యం, టేకుచెక్క, వెదురుపుల్లలు. పుల్లలతో నిలువు కాళ్ళ ఇల్లు కట్టి కింద నీళ్ళు పోసి చూడాలి. ఈజిప్టు మూటలో పత్తి. దాని పోగును వేళ్ళతో లాగి మన చేని పత్తి పక్కన పెట్టి కొలవాలి. జపాన్ మూటలో కర్పూరం, కాగితాలు. కాగితపు ఇల్లు చాటలో నిలబెట్టి అత్త చాటను గడగడా ఊపేది. భూకంపమట! మేము కేకలు పెట్టేవాళ్ళం. ఎవరైనా చెయ్యకుండా నోటితో చెప్పబోతే నెత్తిన ఒక మొట్టికాయ.

"కప్పలెక్కినోడు యాడికి పోయినాడో తెలీకుండా ఏడ్చేది ఎట్లనే పిల్లా? ముందు తావు తెలుసుకో, పిమ్మట ఏడువు" అనేది. కప్పలంటే మా వైపు ఓడ.

తావు ఆమెకు తెలిసింది. మనిషి మాత్రం దొరకలేదు. ఆ దుఃఖం ఆమెను లోపల్లోపల తినేసిందనే నేననుకుంటాను.

జ్వరం పడ్డాక నన్ను పిలిపించి, "మూటలు నువ్వు ఎత్తుకోమే. పిల్లకాయలను విడువద్దు" అంది. సరేనన్నాను. ఆ మాట నిలుపుకోవాలనే ఆ రోజు పరుగున వెళ్ళాను.

వెళ్ళేసరికి పాడె సిద్ధంగా ఉంది. గడప పక్కన చీరముక్కలు విప్పి పడేసి ఉన్నాయి. అత్త ఆ మూటలను విత్తనాల మూటలతో పాటే దూలానికి వేలాడదీసేది. చావింట బియ్యం, పత్తి, కర్పూరం వెంటనే కావాలి. అంగడి దూరం. పెద్దవాళ్ళు అందినవి దించి విప్పేశారు; చెక్క, పుల్లలు, కాగితాలు నిప్పు రాజేయడానికి పోయాయి.

"పున్నెస్తురాలు! తన సావుకు కావలసిందంతా తానే ఎత్తిపెట్టుకొన్నాదే" అని మా పెద్దమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది. ఆమెను ఏమనను? ప్రేమతోనే చేసింది.

అత్త ముక్కులో ఈజిప్టు పత్తి. తలాపున జపాన్ కర్పూరం మండుతోంది. చాటలో బర్మా బియ్యం. అయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె నోట్లో పిడికెడు పోస్తున్నారు. నా వంతు వచ్చింది. మా మామను తిరిగి పంపని దేశపు బియ్యాన్ని నా చేతితోనే ఆమె నోట్లో పోశాను. చాట ఖాళీ అయింది. తీసుకుపోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

పాడె లేచి మగవాళ్ళు వెళ్ళిపోయాక, పక్కింటి చిన్నపిల్ల గడప దగ్గరకు వచ్చింది. వాళ్ళ నాయన ఈ మధ్యనే రంగూను ఓడెక్కాడు. నీలం చీరముక్క ఒకటి ఏరుకొని నా ముందు పట్టింది.

"అక్కా, మా నాయన ఉండేది దీంట్లోనే గదా? అత్త ఈ వారం చూపిస్తాననె."

ఆ పిల్ల గుడ్డను రెండు చేతులా ఎత్తి దులిపింది. ఏమీ రాలలేదు. తిప్పి పట్టుకొని మళ్ళీ దులిపింది.